డిసెంబరు సాయంత్రాలు: క్రిస్మస్ వచ్చేలోపు చేతులకూ మనసుకూ ఏ పని పెట్టుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంట్లో క్రిస్మస్‌కు యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో కట్టే పని ఎప్పుడూ నాన్నగారే చూసుకునేవారు. ఈ ఏడాది ఆయన లేరు, బొమ్మల పెట్టె నా చేతికి వచ్చింది. తెరిచి చూస్తే ఒక్కో బొమ్మనూ వార్తాపత్రిక ముక్కలో చుట్టి, లోపల ఉన్నది యోసేపో, గొల్లవాడో, ఒంటెనో ఆ కాగితం మీదే పెన్సిలుతో రాసి ఉంచారు. ఒక గొర్రెపిల్లకు ముందు కాలు విరిగితే అగ్గిపుల్ల ముక్క అతికించి, దాని మీద తెల్ల రంగు వేసినట్టు కూడా కనిపించింది.

నేను ఉద్యోగం చేస్తున్నాను. డిసెంబరు నెలంతా ఏడాది చివరి లెక్కలతో, కొనుగోళ్లతో, ఒకదాని వెంట ఒకటిగా వచ్చే కార్యక్రమాలతో గడిచిపోతోంది. 25వ తేదీన ఆరాధనకు వెళ్లి కూర్చునేసరికి ఒంట్లో అలసట తప్ప మనసులో సంతోషం మిగలడం లేదు. మర్నాడే దీపాలు విప్పేసి, చెట్టు తీసేసి, మామూలు రోజుల్లో పడిపోతున్నాం. ఈసారి అలా జరగకూడదని నా కోరిక.

పాక కట్టడం నాకు బొత్తిగా కొత్త. దాన్ని ఒకేసారి కూర్చుని పూర్తి చేయాలా, లేక రోజుకు కొంచెం చొప్పున కట్టుకోవచ్చా? కార్డులు చేతితో రాసే అలవాటు, కాగితపు నక్షత్రాలు చేసే అలవాటు, క్వయర్‌లో పాడే అలవాటు ఉన్నవారు రోజువారీ పనుల మధ్య వాటికి చోటు ఎలా కల్పించుకుంటున్నారు? మరొకటి కూడా అడగాలి. ఇంట్లో ఒక మనిషి లేకుండా పోయిన తర్వాత వచ్చే మొదటి క్రిస్మస్‌ను మీరు ఎలా గడిపారు? మీకు ఇబ్బంది లేకపోతేనే చెప్పండి.

మొదటి జవాబు (చాలా ఏళ్లుగా పాక కడుతున్నవారు)

నాన్నగారు పెన్సిలుతో రాసిన ఆ కాగితాలను దయచేసి పారేయకండి. బొమ్మలను కొత్త కాగితాల్లో చుట్టుకున్నా సరే, పాత ముక్కలను పెట్టె అడుగున పరిచి ఉంచండి.

పాకను ఒకేసారి కట్టవలసిన అవసరం ఏమీ లేదు. ఒకేసారి కట్టకపోవడమే మేలన్నది నా గట్టి అభిప్రాయం. ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారంతో మొదలవుతుంది. ఆ ఆదివారం ఏ ఏడాదైనా నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్యనే పడుతుంది కాబట్టి, 24వ తేదీ వరకు లెక్కపెడితే తక్కువలో తక్కువ 22 రోజులు, ఎక్కువైతే 28 రోజులు మన చేతిలో ఉంటాయి. క్రైస్తవ సంఘాలు తరతరాలుగా ఈ రోజులను ఎదురుచూపు రోజులుగానే పాటిస్తూ వచ్చాయి. అసలు పండుగ 25న మొదలై, శిశువైన యేసును చూడడానికి వచ్చిన జ్ఞానుల రాకను స్మరించుకునే జనవరి 6 నాటి ఎపిఫనీ వరకు సాగుతుంది. మనం ఈ వరుసను తారుమారు చేసి, పండుగనంతా డిసెంబరు మొదటి వారం నుంచే జరుపుకుంటూ వచ్చి, అది మొదలుకావలసిన రోజునే ముగించేస్తున్నాం. మీరు చెప్పిన అలసటకు సగం కారణం అదేనని నాకు అనిపిస్తుంది.

మొదటి వారంలో బొమ్మల జోలికి పోకుండా నేల మాత్రమే తయారు చేసుకోండి. ఎత్తు తక్కువ బల్ల మీద వేరు వేరు ఎత్తుల అట్టపెట్టెలను బోర్లించి, వాటి మీద మందపాటి గోధుమరంగు చుట్టుకాగితం కప్పాలి. కప్పే ముందు ఆ కాగితాన్ని పిడికిట్లో గట్టిగా నలిపి, విప్పి, ఈసారి అడ్డంగా పట్టుకుని మళ్లీ నలపండి. రెండోసారి పడ్డ మడతలు మొదటి మడతలను కోసుకుంటూ పోయినప్పుడే అది బండరాయిలా కనిపిస్తుంది, ఒక్కసారి నలిపితే నలిగిన కాగితంలాగే ఉండిపోతుంది. దాని మీద పల్చటి జిగురు నీళ్లు పూసి, తడి ఆరకముందే రంపపు పొట్టు చల్లితే మట్టి నేల తయారవుతుంది. ఇది బాగా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దాన్ని ముట్టుకోకూడదు. ఎంత తొందర ఉన్నా ఆగక తప్పని ఆ విరామమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

రెండో వారంలో పాక నిలబెట్టి కప్పు వేసుకోవచ్చు, మూడో వారంలో పశువులను చేర్చుకోవచ్చు. పెద్ద బొమ్మలను ముందు, చిన్నవాటిని వెనక పెడితే చిన్న బల్ల మీదే దూరం కనిపిస్తుంది. దీపం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఎండుగడ్డి దగ్గర కొవ్వొత్తి వెలిగించనే వెలిగించకండి. వేడెక్కని చిన్న ఎల్‌ఈడీ బల్బును శిశువును పడుకోబెట్టే తొట్టి వెనక, బల్బు కంటికి కనబడకుండా అమర్చండి. వెలుగు కింది నుంచి మరియ, యోసేపుల ముఖాల మీద పడాలి. పైనుంచి వేస్తే కప్పు నీడ వారి ముఖాలను మింగేస్తుంది.

తొట్టిని 24వ తేదీ రాత్రి వరకు ఖాళీగా ఉంచే పద్ధతి చాలా దేశాల్లో ఉంది, మా ఇంట్లో కూడా అదే పాటిస్తాం. జ్ఞానులను మొదటి నుంచే పాకలో నిలబెట్టం. గది అవతలి మూలన కిటికీ గట్టు మీద పెట్టి, రోజూ కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వచ్చి జనవరి 6 నాటికి తొట్టి ముందుకు చేరుస్తాం. దీనికి లేఖనంలో ఆధారం ఉంది. లూకా సువార్తలో గొల్లలు ఆ రాత్రే వచ్చి తొట్టిలో పరుండిన శిశువును చూస్తారు. మత్తయి సువార్తలో జ్ఞానులు ఒక ఇంటిలోకి వచ్చి శిశువును చూసినట్టు ఉంటుంది, వారు ఎందరన్న సంఖ్య కూడా అక్కడ లేదు. ఎద్దు, గాడిద ఈ రెండు సువార్తల జన్మ వృత్తాంతాల్లో ఎక్కడా కనిపించవు. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో ఎద్దు తన యజమానిని, గాడిద తన యజమాని తొట్టిని ఎరుగుతాయన్న మాట ఉంది, ఆ మాటే వాటిని పాకలోకి తీసుకువచ్చింది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే చిన్న ఊళ్లో అసిసి ఊరి సన్యాసి ఫ్రాన్సిస్ గడ్డి పరిచిన తొట్టిని, నిజమైన ఎద్దునూ గాడిదనూ పెట్టి క్రిస్మస్ రాత్రి ఆరాధన జరిపించారు. పుట్టిన శిశువు ఎంత లేమిలో పడుకున్నాడో జనం కళ్లారా చూడాలన్నది ఆయన తపన. అందుకే పాకకు మెరుపు కాగితాలు ఎక్కువ అంటించడం నాకు నచ్చదు. అది పేద పాకగానే కనిపించాలి.

కాలు అతికించిన గొర్రెపిల్లను వెనక్కి నెట్టకుండా ముందు వరుసలోనే పెట్టండి.

రెండో జవాబు (నక్షత్రాలు, కార్డులు చేసేవారు)

పైన చెప్పినవాటిలో ఒక విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, 25వ తేదీ వరకు పండుగ ఛాయలేవీ కనబడకూడదన్న పట్టింపు వాళ్లకు అర్థం కాదు, అది వాళ్ల సంతోషాన్ని అనవసరంగా అడ్డుకుంటుంది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్‌రిక్ వికెర్న్ అనే పాస్టరు తన దగ్గర పెరుగుతున్న పేద పిల్లలు క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పదే పదే అడుగుతుంటే, ఒక పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు అమర్చి, రోజుకొకటి చొప్పున వెలిగిస్తూ వచ్చారని చెబుతారు. ఆదివారాలకు పెద్ద కొవ్వొత్తులు, మామూలు రోజులకు చిన్నవి ఉండేవి. నాలుగు కొవ్వొత్తులతో ఇప్పుడు మనం చూసే ఆగమన కాలపు వలయం దాని నుంచే వచ్చింది. ఎదురుచూడమని నోటితో చెప్పడం కన్నా అలా కంటికి కనిపించేలా చేయడమే పిల్లలకు సులువుగా అందుతుంది.

నా సాయంత్రాలు కాగితపు నక్షత్రాలతో గడుస్తాయి. మొరేవియన్ నక్షత్రమని పిలిచే రకం 19వ శతాబ్దపు తొలి సగంలో జర్మనీలో మొరేవియన్ అనే ప్రొటెస్టెంటు సంఘపు పాఠశాలలో పుట్టింది. పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి ఒక ఉపాధ్యాయుడు దాన్ని చేయించాడట. హెర్న్‌హూట్ అనే ఊళ్లో ఇప్పటికీ తయారయ్యే నక్షత్రానికి 25 కొనలు ఉంటాయి, వాటిలో 17 నాలుగు పలకలవి, 8 మూడు పలకలవి. కొన అతికించవలసిన ఇరవయ్యారో ముఖాన్ని దీపం పెట్టడానికి ఖాళీగా వదిలేస్తారు. ఇంట్లో చేసుకునేవారు మొదటిసారే దీనికి పూనుకోకుండా, రెండు చదరపు కాగితాలతో ఎనిమిది కొనల నక్షత్రం మడవడం నేర్చుకుంటే చాలు. మడత వేసిన చోట గోరుతో కాకుండా చెంచా వెనక భాగంతో రుద్దితే గీత పదునుగా వస్తుంది, కాగితం మెరుగు కూడా పోదు.

ఇక కార్డుల గురించి. వ్యాపారానికి అచ్చువేసిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ప్రభుత్వాధికారి, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి దాన్ని అచ్చు వేయించారు. కోల్ తపాలా సంస్కరణలలో పనిచేసిన మనిషి. చౌక తపాలా వచ్చాక జనానికి ఉత్తరాలు రాయడం, జవాబులు రాయడం పెద్ద పనైపోయింది. ఆ కార్డు మధ్యలో ఒక కుటుంబం బల్ల చుట్టూ కూర్చుని ఉంటుంది, రెండు పక్కలా పేదలకు అన్నం పెట్టడం, బట్టలు ఇవ్వడం కనిపిస్తాయి. ఆ పక్క బొమ్మలు నాకు చాలా ఇష్టం. ఎందరికో ఒకే మాట పంపే వీలు కోసం కార్డు పుట్టిందని గుర్తుంచుకుంటే, మనం తీరిక చేసుకుని ఒక్కో మనిషికీ వేరువేరుగా రాసే నాలుగు వాక్యాల విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

మీకు నా సలహా ఒక్కటే. పాక, కార్డులు, నక్షత్రాలు, క్వయర్ అన్నీ ఈ ఏడాదే నెత్తిన పెట్టుకోకండి. చేతిపని కూడా జాబితాలో చేరితే ఆఫీసు పనిలాగే బరువవుతుంది. ఈసారి పాక చాలు. రాయాలనిపిస్తే, నాన్నగారి స్నేహితులలో ఇద్దరు ముగ్గురికి మాత్రం ఉత్తరాలు రాయండి. ఆయన కట్టిన పాకను ఏళ్ల తరబడి చూసినవారు ఆ ఉత్తరాన్ని ఎంత అపురూపంగా దాచుకుంటారో మీరు ఊహించలేరు.

మూడో జవాబు (క్వయర్‌లో ఆల్టో, అంటే స్త్రీల గొంతులలో కింది స్థాయి, పాడేవారు)

మీ చివరి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా అమ్మగారు పోయిన ఏడాది క్వయర్‌కు వెళ్లకూడదనుకున్నాను. ఆమె నా పక్కనే నిలబడి అదే ఆల్టో శ్రుతిలో పాడేవారు. చివరికి వెళ్లాను, కొన్ని చరణాల దగ్గర గొంతు పెగలలేదు. క్వయర్‌లో ఉన్న మేలు అప్పుడే తెలిసింది. నా గొంతు ఆగినచోట పక్కవాళ్ల గొంతు పాటను ముందుకు తీసుకుపోయింది, నేను తేరుకున్నాక మళ్లీ కలిశాను. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఒంటరిగా పాడేవారికి ఆ ఊరట దొరకదు.

తొమ్మిది బైబిలు పాఠాలూ, క్యారల్స్ అనే క్రిస్మస్ పాటలూ కలిపి జరిగే ఆరాధన గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1880లో ఇంగ్లండ్‌లోని ట్రూరోలో అది మొదలైంది. 1918 డిసెంబరు 24న కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయంలో ఎరిక్ మిల్నర్-వైట్ దాన్ని కొత్తగా ప్రవేశపెట్టారు. ఆయన యుద్ధంలో సైనికుల మధ్య చాప్లిన్‌గా, అంటే సైన్యంతో ఉండే పాస్టరుగా, పనిచేసి వచ్చిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి ఆరు వారాలే అయింది, ఆ కాలేజీకి తిరిగి రాని విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఆరాధన మొదట్లో చదివే ప్రార్థనలో ఆయన, మరో తీరాన, మరింత గొప్ప వెలుగులో మనతోపాటు సంతోషిస్తున్న వారిని కూడా తలుచుకోమన్నారు. 1928లో మొదటిసారి రేడియోలో ప్రసారమై, ఆ తర్వాత ప్రపంచమంతటా వినబడుతున్న ఆ ఆరాధన అంత దుఃఖం మధ్య రూపుదిద్దుకున్నదని తెలిశాక, క్రిస్మస్ నాడు ఏడుపు రావడం తప్పన్న భావన నాలో పూర్తిగా పోయింది. పోయినవారిని తలుచుకోవడానికి ఆ ఆరాధన మొదట్లోనే చోటు ఉంచింది. మన ఇళ్లలో కూడా ఆ చోటు ఉండాలి.

కొన్ని సంఘాలలో డిసెంబరు 21 ప్రాంతాన, అంటే ఉత్తరార్ధగోళంలో అతి దీర్ఘమైన రాత్రి నాడు, దుఃఖంలో ఉన్నవారి కోసమే ప్రత్యేకంగా ఒక ఆరాధన జరుపుతారు. అందులో బిగ్గరగా పాడే పాటలు ఉండవు. పేర్లు చదువుతారు, ఒక్కో పేరుకు ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తారు, కొంతసేపు మౌనంగా కూర్చుంటారు. మీ దగ్గర అలాంటిది లేకపోతే పాస్టరుగారిని అడిగి చూడండి. ఒకరు అడిగితే, అవసరం ఉన్నవారు ఇంకా ఎంతమంది ఉన్నారో అప్పుడు బయటపడుతుంది.

ఇంట్లోవారితో ముందుగానే ఒక మాట అనుకోండి. నాన్నగారి పేరు ఎత్తాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ భోజనానికి కూర్చోవడం కన్నా, ప్రార్థనలో ఆయన పేరు ఎవరు చెబుతారో ముందే నిర్ణయించుకుంటే అందరికీ ఊపిరి ఆడుతుంది.

నాలుగో జవాబు (ఆస్పత్రిలో నర్సు)

నేను క్లుప్తంగా రాస్తాను. నాకు 24వ తేదీ రాత్రి డ్యూటీ తరచూ పడుతుంది. అర్ధరాత్రి ఆరాధనకు వెళ్లలేను. మొదట్లో చాలా బాధపడేదాన్ని. గొల్లలు కూడా రాత్రివేళ మందను కాచుకుంటూ డ్యూటీలో ఉన్నవారే కదా అని ఒక పెద్దావిడ, మా వార్డులో రోగిగా ఉన్నామె, నాతో అన్నారు. ఆ మాట అప్పటి నుంచి నాతోనే ఉంది. ఇప్పుడు డ్యూటీకి వెళ్లే ముందు లూకా రెండో అధ్యాయం చదువుకుని వెళతాను. వార్డులో రాత్రి పన్నెండింటికి ఒక్కో మంచం దగ్గర ఆగి, నిద్రపోతున్నవారికి దుప్పటి సర్ది, మెలకువగా ఉన్నవారితో రెండు మాటలు మాట్లాడతాను. మా ఇంట్లో పండుగ భోజనం నా సెలవు రోజున, 27నో 28నో జరుగుతుంది. పండుగ జనవరి 6 వరకు ఉంటుందన్న పై జవాబు మాలాంటివారికి చాలా అవసరమైన మాట.

పండుగ రోజున పనిలో ఉండేవారు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే, వారి వీలు కనుక్కుని మీ పాక చూడడానికి ఆ తర్వాతి రోజుల్లో పిలవండి. 26నే దీపాలు తీసేయకుండా ఉండడానికి అది కూడా ఒక మంచి కారణం అవుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. ఈసారి పాక ఒక్కటే పెట్టుకుంటున్నాను, కార్డులు వచ్చే ఏడాది చూద్దాం. నాన్నగారి స్నేహితులలో ఇద్దరికి ఉత్తరాలు మాత్రం రాస్తాను. ప్రార్థనలో ఆయన పేరు చెప్పే బాధ్యత తనదేనని మా చెల్లి తీసుకుంది. జ్ఞానులను బీరువా పైనుంచి బయలుదేరదీయాలని పిల్లలు ఇప్పటికే నిర్ణయించేశారు. చివరిగా ఒక సందేహం. పాకను ఏ రోజున తీయాలి, బొమ్మలను ఎలా భద్రపరచాలి?

మొదటి జవాబు ఇచ్చినవారి నుంచి

తీసే రోజు విషయంలో ఒక్కో సంఘానిది ఒక్కో అలవాటు. కొందరు జనవరి 5 సాయంత్రం లేదా 6న తీసేస్తారు. కతోలిక సంఘ క్యాలెండరులో క్రిస్మస్ కాలం ఎపిఫనీ తర్వాత వచ్చే ప్రభువు బాప్తిస్మ పండుగతో ముగుస్తుంది, కాబట్టి చాలామంది అంతవరకు ఉంచుతారు. క్రిస్మస్ నుంచి నలభయ్యో రోజైన ఫిబ్రవరి 2న, బాలయేసును ఆలయంలో సమర్పించిన పండుగ వరకు ఉంచేవారు కూడా ఉన్నారు. జ్ఞానులు బీరువా పైనుంచి బయలుదేరుతున్నారు కాబట్టి వారు తొట్టి దగ్గరకు చేరాక కనీసం రెండు మూడు రోజులైనా అక్కడ నిలవనివ్వండి.

బొమ్మలను తీసే ముందు పొడి మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, తడిగుడ్డ వాడకండి. మట్టి బొమ్మల రంగు తడికి లేచిపోతుంది. ఒక్కోదాన్ని విడిగా చుట్టి, బరువైనవి అడుగున, చెవులూ కొమ్ములూ కర్రలూ ఉన్నవి పైన వచ్చేలా సర్దండి. ఎండుగడ్డిని దాచవద్దు, దానిలో పురుగు చేరుతుంది, ఏటా కొత్తది వేసుకోవడమే మంచిది. చుట్టుకాగితపు నేలను మడవకుండా గొట్టంలా చుట్టి అటక మీద పెడితే రెండు మూడేళ్లు పనికొస్తుంది. పెట్టె మూసేముందు నాన్నగారు చేసినట్టే ఒక్కో కాగితం మీద బొమ్మ పేరు రాయండి. పిల్లల చేత రాయించగలిగితే ఇంకా మంచిది.